రచ్చబండ కట్టినవారు, రాతలు దాచినవారు

పదిమంది చేరి మాట్లాడుకోవడానికి ఊళ్ళో రావిచెట్టు కింద ఒక అరుగు ఉంటే చాలు. ఆ అరుగు కట్టించినవారి పేరు రెండు తరాల తరువాత ఎవరికీ గుర్తుండదు. దాని మీద సాగిన మాటలు మరునాటికే గుర్తుండవు. అందువల్ల ఊరికి వచ్చిన లోటు కూడా ఏమీ ఉండదు. కాని ఒకరి ముఖం ఒకరు ఎరుగని వేలమంది, వేరువేరు దేశాలలో ఉంటూ, ఒకే విషయం మీద నెలల తరబడి మాట్లాడుకోవాలంటే ఆ అరుగును ఎవరో ఒకరు కూర్చుని, ఆలోచించి కట్టవలసి వస్తుంది. మాట ఎవరు మొదలుపెట్టవచ్చు? దానిని ఎవరు చెరిపివేయవచ్చు? చెప్పిన మాట ఎంతకాలం నిలుస్తుంది? దానిని మోసే ఖర్చు ఎవరిది? ఈ నాలుగు ప్రశ్నలకూ జవాబులు కట్టేవారే ముందుగా నిర్ణయించాలి. వారు నిర్ణయించకుండా వదిలేస్తే కట్టడమే నిర్ణయిస్తుంది.

చర్చలకోసం సాఫ్టువేరు రాయడమన్నది పైకి కనిపించినంత చిన్న పని కాదని నాకు తెలియజెప్పింది యూజ్‌నెట్ చరిత్ర. "ఓపెన్ సోర్సు" అన్న పదబంధం పుట్టినది 1998లో. దానికి పద్దెనిమిదేళ్ళ ముందే యూజ్‌నెట్ సాఫ్టువేరును దాని కర్తలు మూలంతో సహా అడిగినవారికల్లా ఇచ్చివేశారు. తరువాతి పన్నెండేళ్ళలో కొత్తవారు వచ్చి దానిని మూడుసార్లు పునాదుల నుంచి తిరగరాశారు. ఆ కథ ఇక్కడ చెప్పుకుందామని నా ప్రయత్నం. అందులో మన తెలుగువారికి సంబంధించిన అధ్యాయం కూడా ఒకటి ఉంది.

ముందుగా ఒక మాట. తెరమీద చర్చలు యూజ్‌నెట్‌తోనే మొదలు కాలేదు. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలోని ప్లేటో వ్యవస్థలో 1973లోనే "నోట్స్" అనే చర్చావేదిక ఉండేది. షికాగోలో వార్డ్ క్రిస్టెన్సెన్, రాండీ స్యూస్ అనే ఇద్దరు మిత్రులు 1978 ఫిబ్రవరిలో, టెలిఫోను ద్వారా ఎవరైనా వచ్చి జాబు అంటించి పోగల ప్రకటనల బల్లను నడిపారు. అయితే ఈ రెండింటిలోనూ మాటలన్నీ ఒక్క పెద్ద వ్యవస్థలోనో, ఒక్క ఇంటి కంప్యూటరులోనో ఉండేవి. మాట్లాడదలచినవారు అక్కడికే రావాలి. ఆ యంత్రం ఆగితే చర్చ కూడా ఆగుతుంది. యూజ్‌నెట్ కర్తలు దీనిని తలకిందులు చేశారు.

1979 చివరి నెలలలో, అమెరికాలోని ఉత్తర కరోలినా రాష్ట్రంలో, డ్యూక్ విశ్వవిద్యాలయ విద్యార్థులైన టామ్ ట్రస్కాట్, జిమ్ ఎల్లిస్‌లకు ఈ ఆలోచన వచ్చింది. అప్పటికి ఆర్పానెట్ నడుస్తూనే ఉంది గాని, రక్షణశాఖ ఒప్పందాలున్న సంస్థలకు తప్ప అందులో చోటు లేదు. యూనిక్స్ వాడే మామూలు విశ్వవిద్యాలయాలకు ఆ తలుపు మూసే ఉంది. ఆ సంవత్సరమే బెల్ ల్యాబ్స్ నుంచి వచ్చిన యూనిక్స్ ఏడవ కూర్పులో యూయూసీపీ అనే చిన్న ఉపకరణం ఉన్నది. ఒక యంత్రం మరొక యంత్రానికి ఫోను చేసి, దస్త్రాలను అందించి, ఫోను పెట్టేస్తుంది. అంతే దాని పని. ఆ అంచె మీద జనం మాటలను పంపవచ్చునని ఆ విద్యార్థులకు తోచింది.

పొరుగున ఉన్న చాపెల్ హిల్‌లోని నార్త్ కరోలినా విశ్వవిద్యాలయంలో చదువుతున్న స్టీవ్ బెల్లోవిన్ మొదటి నమూనాను నూటయాభై పంక్తుల షెల్ స్క్రిప్టుగా రాశారు. అది పనిచేసింది గాని నత్తనడక నడిచింది. తరువాత డ్యూక్‌లోనే ఉన్న స్టీఫెన్ డేనియల్ దానిని సీ భాషలోకి తిరగరాశారు. తరువాతి కాలంలో దీనికే "ఏ న్యూస్" అని పేరు స్థిరపడింది. 1980 జనవరిలో కొలరాడో రాష్ట్రంలోని బౌల్డర్‌లో యూనిక్స్ వాడుకదారుల సదస్సు జరిగినప్పుడు ఎల్లిస్ అక్కడికి వెళ్ళి, రండి, మాతో చేరండి అని ఆహ్వానపత్రం పంచారు. సాఫ్టువేరు కావలసినవారికి ఉచితం. మార్చుకోదలచినవారికి మూలం చేతిలోనే ఉంటుంది.

ఇది ఎంతగా పెరుగుతుందని వారు ఊహించారు? మహా అయితే యాభై నుంచి వంద యంత్రాలు, రోజుకు ఒకటి రెండు జాబులు అనుకున్నామని బెల్లోవిన్ తరువాత రాసిన జ్ఞాపకాలలో చెప్పుకున్నారు. ఈ అంచనాను గుర్తుంచుకోవాలి. వారి నిర్ణయాలన్నిటి వెనుకా ఇదే ఉంది.

ఆ నిర్ణయాలలో మొదటిది కేంద్రం లేకపోవడం. డ్యూక్‌లో ఎవరైనా జాబు రాస్తే అది ముందుగా డ్యూక్ యంత్రంలోనే ఉంటుంది. ఆ యంత్రం తన పొరుగు యంత్రాలకు ఫోను చేసినప్పుడు దాని ప్రతిని అందిస్తుంది. పొరుగువారు తమ పొరుగువారికి అందిస్తారు. మన తాళపత్ర గ్రంథాలు వ్యాపించిన తీరు ఇదే. భారతానికి మూలప్రతి ఎక్కడుందని ఎవరూ అడగలేదు. చేతికందిన ప్రతిని చూసి మరొక ప్రతి రాసుకున్నారు. రాసిన లేఖకుడు చివర తన పేరు, ఊరు, సంవత్సరం చెక్కుకునేవాడు. యూజ్‌నెట్ జాబులోనూ అటువంటి ఏర్పాటే ఉన్నది. దాటివచ్చిన ప్రతి యంత్రమూ తన పేరును జాబు తలకట్టులోని దారి వరుసకు చేర్చుతుంది. లేఖకుడి సంతకం వంశవృక్షం తెలుపడానికి పనికివస్తే, ఇక్కడి సంతకం మరొక పని కూడా చేస్తుంది. ఆ వరుసలో ఇప్పటికే పేరున్న యంత్రానికి జాబును మళ్ళీ పంపనక్కరలేదు. దీనికి తోడు ప్రతి జాబుకూ మరొక దానికి లేని గుర్తింపు సంఖ్య ఉంటుంది. అదే జాబు రెండు దారుల వెంట వస్తే, చూసినదే కదా అని యంత్రం రెండవదానిని వదిలివేస్తుంది. ఈ రెండు చిన్న సూత్రాలతో, ఎవరి అజమాయిషీ లేకుండానే, మాట లోకమంతా తిరిగి, తిరిగిన చోటికే మళ్ళీ మళ్ళీ రాకుండా ఆగుతుంది. ఇంత తేలికైన పరిష్కారం ఇప్పుడు చూసినా నాకు ముచ్చట వేస్తుంది.

రెండవ నిర్ణయం కూడా చెప్పుకోదగ్గది. ఏ న్యూస్ జాబులో మొట్టమొదటి అక్షరం "ఏ". అది ఆ జాబు ఏ పద్ధతిలో రాసినదో చెప్పే గుర్తు. రేపు మరొకరు వచ్చి పద్ధతి మార్చవచ్చునని, అప్పుడు పాత జాబునూ కొత్త జాబునూ వేరుచేసి చూడవలసి వస్తుందని వారు ముందే అనుకున్నారన్నమాట. తాము రాసినదే చివరిది కాదన్న ఎరుక మొదటి అక్షరంలోనే ఉన్నది.

మూడవది నిర్ణయం అనడం కంటే నిర్ణయించలేకపోవడం అనాలి. జాబు కింద ఉన్న పేరు నిజంగా ఆ మనిషిదేనని ఎలా నమ్మడం? ఈ ప్రశ్న వారికి రాకపోలేదు. బహిరంగ తాళంచెవుల గుప్తలేఖనం అప్పటికే లోకానికి తెలుసు. అయితే ఏ తాళంచెవి ఎవరిదో నమ్మకంగా చెప్పే ఏర్పాటు అప్పుడు లేదు. అందువల్ల ఆ గది ఖాళీగా వదిలారు. యాభై విశ్వవిద్యాలయాల వారు మర్యాదగా మాట్లాడుకునే చోట అది లోటుగా కనబడదు.

వారి అంచనా రెండేళ్ళు కూడా నిలువలేదు. 1981లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీ యంత్రం చేరి, ఆర్పానెట్‌లో సాగుతున్న చర్చలను ఇటు మళ్ళించడంతో జాబులు పోటెత్తాయి. ఏ న్యూస్ జాబులన్నిటినీ ఒకే సంచీలో పడవేసేది. వాటిని వెదకడానికే యంత్రం అలసిపోయేది. అప్పుడు బర్క్‌లీలో మేరీ ఆన్ హోర్టన్, ఇంకా బడి చదువు ముగియని మాట్ గ్లిక్‌మన్ అనే కుర్రవాడు కలిసి దానిని తిరగరాశారు. అది "బీ న్యూస్". 1982లో అందరికీ అందింది. డ్యూక్ వారి అనుమతి ఎవరూ అడగనక్కరలేదు, వారు నొచ్చుకోనూ లేదు. ఒక విశ్వవిద్యాలయం వారి పనిని వేల మైళ్ళ దూరాన ఒక బడిపిల్లవాడు చేతిలోకి తీసుకోగలిగాడంటే, మూలం తెరిచి ఉంచడమంటే ఏమిటో వేరే నిర్వచనం అక్కరలేదు.

బీ న్యూస్ తలకట్టు వరుసలను ఈమెయిలు పద్ధతిలోకి మార్చింది. 1983లో ఆ పద్ధతిని ఒక ప్రమాణపత్రంగా రాసి ప్రకటించారు. దీనితో అదే ప్రోగ్రాము వాడాలన్న నియమం పోయి, అదే పద్ధతి పాటిస్తే చాలునన్న నియమం వచ్చింది. ఎవరికి నచ్చిన ప్రోగ్రాము వారు రాసుకోవచ్చు. లారీ వాల్ 1984లో రాసిన "ఆర్ఎన్" అటువంటిదే. అది జాబులను చదువుకునే పనిముట్టు. దానితో జాబు పంపబోయేవారికి, ఈ నీ మాట వేల యంత్రాలకు చేరబోతోంది, దానికి లోకానికి వందల డాలర్లు ఖర్చు, బాగా ఆలోచించుకున్నావా అన్న అర్థం వచ్చే హెచ్చరిక ఎదురయ్యేది. మాటకు ఖర్చుంటుందని గుర్తుచేసే పనిముట్టును నేను ఆ తరువాత ఎక్కడా చూడలేదు.

లారీ వాల్ మరుసటి ఏడు రాసిన "ప్యాచ్" కూడా ఈ కథలోదే. ప్రోగ్రాము మూలమంతా మళ్ళీ పంపకుండా, మారిన పంక్తులను మాత్రమే జాబుగా పంపితే, అందుకున్నవారు తమ దగ్గరి ప్రతిలో ఆ మార్పులను అతికించుకోవచ్చు. ఫోను ఖర్చు మిగిలింది. అంతకన్నా ముఖ్యంగా, ఎవరో అపరిచితుడు దిద్దిన దిద్దుబాటును నా ప్రతిలోకి తెచ్చుకునే పద్ధతి ఒకటి ఏర్పడింది. చర్చలు మోసే సాఫ్టువేరు తన మరమ్మతులను తానే మోసుకుపోయిందన్నమాట. స్టాల్‌మన్ 1983 సెప్టెంబరులో గ్నూ సంకల్పాన్ని ప్రకటించినది, లినస్ టోర్వాల్డ్స్ 1991 ఆగస్టులో తన కొత్త నిర్వాహక వ్యవస్థ గురించి మొదటి కబురు చెప్పినది ఈ యూజ్‌నెట్ గుంపులలోనే.

ఇంతవరకూ కథ సుఖంగానే ఉన్నది. ఖర్చు దగ్గర చిక్కు వచ్చింది. ఆ రోజుల లెక్కలు వేసిపెట్టిన జీన్ స్పాఫర్డ్ అంచనా ప్రకారం 1979లో 3 యంత్రాలు, రోజుకు 2 జాబులు. 1984లో 900 యంత్రాలు, 225 జాబులు. 1988 నాటికి 11,000 యంత్రాలు, 1,800 జాబులు. ప్రతి జాబూ ప్రతి యంత్రానికీ చేరాలన్నది పద్ధతి. దూరపు ఫోను ఖర్చు భరించే కొద్ది పెద్ద యంత్రాల నిర్వాహకులకు సహజంగానే పెత్తనం వచ్చింది. సాఫ్టువేరులో కేంద్రం లేదు గాని, ఫోను బిల్లు కట్టేవారి వరుసలో కేంద్రం వచ్చి కూర్చుంది. యూరపులోని యంత్రాలకు జాబులు అట్లాంటిక్ మహాసముద్రం దాటి రావాలి. మతం మీద, జాతుల మీద జరిగే కొట్లాటలకు మేమెందుకు డబ్బు కట్టాలని అక్కడివారు అడిగారు. 1986, 87లలో గుంపులన్నిటికీ పేర్లు మార్చి, ఏడు పెద్ద శాఖలుగా విభజించారు. వివాదాల గుంపులను "టాక్" అనే శాఖలోకి నెట్టారు, అక్కరలేనివారు ఆ శాఖను మొత్తంగా తెప్పించుకోకుండా ఉండడానికి. సమాజం, సంస్కృతుల ముచ్చట్లకు "సాక్" శాఖ ఏర్పడింది. ఈ పేరును కొంచెం గుర్తుంచుకోండి, మనవారు తరువాత చేరబోయే చోటు ఇదే.

పెత్తందారుల నిర్ణయాలు గిట్టనివారు 1987లో "ఆల్ట్" అనే వేరు శాఖ పెట్టుకున్నారు. ఆపగలవారు లేరు. సాఫ్టువేరు ఎవరిదీ కాదు కనుక, పొరుగున ఇద్దరు ఒప్పుకుంటే కొత్త శాఖ నడుస్తుంది.

జాబులు పెరిగినకొద్దీ బీ న్యూస్ కూడా కుంటుపడింది. వచ్చిన ప్రతి జాబుకూ ఒక కొత్త ప్రక్రియను నిద్రలేపి, పని ముగించి, పడుకోబెట్టడం దాని అలవాటు. కెనడాలోని టొరంటో విశ్వవిద్యాలయంలో జెఫ్ కాలియర్, హెన్రీ స్పెన్సర్ ఆ అలవాటును పరిశీలించి, జాబులను మూటలుగా అందుకుని ఒక్క ఊపులో సర్దే "సీ న్యూస్"ను రాశారు. న్యూస్ నిదానంగా ఉండనక్కరలేదన్న అర్థం వచ్చే పేరుతో 1987లో వారు ఒక పత్రం సమర్పించారు. సాఫ్టువేరు నిదానానికి కారణం యంత్రం కాదు, రాసిన పద్ధతి అని లెక్కలు చూపి నిరూపించిన పత్రమది. ఇంతలో ఫోను అంచెల స్థానంలో ఇంటర్నెట్ తీగలు వచ్చాయి. వాటికి తగిన ఎన్ఎన్‌టీపీ పద్ధతిని బ్రయాన్ కాంటర్, ఫిల్ లాప్స్‌లీ 1986లో ప్రకటించారు. ఆ తీగల వేగాన్ని దృష్టిలో పెట్టుకుని రిచ్ శాల్జ్ రాసిన "ఐఎన్ఎన్" 1992లో వెలువడింది. ఏ, బీ, సీ, ఆపైన ఐఎన్ఎన్. నాలుగు కట్టడాలు, నాలుగు ఊళ్ళు. ఒకదానిని కట్టినవారు మరొకదానిని కట్టలేదు. అయినా మధ్యలో చర్చ ఒక్కరోజు కూడా ఆగలేదు. నాకు తెలిసినంతలో తెరిచిన మూలానికి ఇంతకన్నా గొప్ప సాక్ష్యం లేదు.

ఇక అసలు విషయానికి వస్తాను.

ఈ సాఫ్టువేరులో ఒక ప్రోగ్రాము ఉంది. దాని పేరు "ఎక్స్‌పైర్". గడువు తీరిన జాబులను చెరిపివేయడం దాని పని. ఆనాటి డిస్కులు చిన్నవి, ఖరీదైనవి. రోజూ వచ్చే జాబులకు చోటు కావాలంటే పాతవి పోవాలి. చాలాచోట్ల జాబుకు ఆయుష్షు కొద్ది వారాలు. ఇందులో ఎవరి తప్పూ లేదు. మాట అన్నది అరుగు మీది మాటే కదా, రేపటికి ఎందుకు అన్నది అందరి భావన. దానికి తోడు ఇన్నివేల యంత్రాలలో ప్రతులున్నాయి కనుక ఎక్కడో ఒకచోట ఉండకపోదులే అన్న ధీమా. కాని వేల యంత్రాలూ ఒకే ప్రోగ్రామును నడుపుతున్నాయి. అన్నిచోట్లా ప్రతులు ఉన్నట్లే, అన్నిచోట్లా చెరిపివేత కూడా ఉన్నది. పదివేల ప్రతులున్న జాబు నెల తిరగకుండా లోకంలో ఒక్క ప్రతి కూడా లేకుండా పోగలదు. తాళపత్రానికి చెదలు ఒక ఊళ్ళో పడితే మరొక ఊళ్ళో పడదు. ఈ చెదలు మాత్రం సాఫ్టువేరుతో కలిపి అందరికీ పంచినవి.

అటువంటప్పుడు 1980ల యూజ్‌నెట్ జాబులు ఈనాడు మనం చదవగలుగుతున్నామంటే కారణం ముఖ్యంగా ఒక మనిషి. టొరంటో విశ్వవిద్యాలయంలో జంతుశాస్త్ర విభాగపు కంప్యూటరును చూసుకునే హెన్రీ స్పెన్సర్, 1981 నుంచి 1991 వరకు తన యంత్రానికి వచ్చిన జాబులను చెరిపేముందు అయస్కాంత టేపుల మీదికి ఎక్కించి దాచారు. మొత్తం 141 టేపులు, ఇరవై లక్షలకు పైగా జాబులు. సీ న్యూస్ రాసిన ఇద్దరిలో ఒకరుగా పైన చెప్పిన హెన్రీ స్పెన్సరే ఈయన. చర్చలను వేగంగా మోసి, వేగంగా చెరిపే సాఫ్టువేరు రాసిన చేతులే చెరిగిపోయేవాటిని మూటగట్టి అటక మీద పెట్టాయి. జంతుశాస్త్ర విభాగానికి ఆ పనితో సంబంధం లేదు. సాఫ్టువేరులో ఆ నియమమూ లేదు.

తరువాత వెస్టర్న్ ఒంటారియో విశ్వవిద్యాలయంలోని డేవిడ్ వైజ్‌మన్ ఆ టేపులను తెచ్చుకుని, మరికొందరి సాయంతో చదివించి డిస్కుల మీదికి మార్చారు. టేపును చదివే యంత్రాలు కూడా అప్పటికి మూలపడుతున్న కాలమది. ఇటు 1995లో డేజా న్యూస్ అనే సంస్థ వర్తమాన జాబులను భద్రపరచడం మొదలుపెట్టింది. 2001 ఫిబ్రవరిలో గూగుల్ ఆ భాండారాన్ని కొనుక్కుంది. స్పెన్సర్ టేపులనూ, ఇతరులు దాచిన మరికొన్ని భాగాలనూ కలిపి, ఆ ఏడు డిసెంబరులో ఇరవై ఏళ్ళ జాబులను, డెబ్భై కోట్లకు పైబడినవాటిని, అందరి ముందూ పెట్టింది. ఆ సంచయం 1981 మే నెలతో మొదలవుతుంది. ఏ న్యూస్ తొలినాళ్ళ మాటలు అందులో లేవు. ఆ సాఫ్టువేరు ఎలా పుట్టిందో మనకు తెలుసు, దాని మీద జనం మొదటగా ఏం మాట్లాడుకున్నారో చూడడానికి మాత్రం దాదాపు ఏమీ మిగలలేదు.

ఇప్పుడు మన సంగతి. భారతదేశంలో సామాన్యులకు ఇంటర్నెట్ అందుబాటులోకి వచ్చినది 1995 ఆగస్టు 15న. అంతకు ముందే అమెరికా విశ్వవిద్యాలయాలలో చదువుకుంటున్న మన విద్యార్థులకు యూజ్‌నెట్ చేతికందింది. 1990లలో "సాక్" శాఖ కింద, భారతీయ సంస్కృతి కొమ్మకు, తెలుగు రెమ్మ ఒకటి మొలిచింది. దానినే ఆనాటివారు ముద్దుగా "స్కిట్" అని పిలుచుకున్నారు. అక్కడ పద్యాలు విప్పారు, పాత సినిమా పాటలు గుర్తుచేసుకున్నారు, సాహిత్యం మీద తగవులాడుకున్నారు.

ఒక చిక్కు ఉంది. యూజ్‌నెట్ జాబులు ఏడు బిట్ల ఆస్కీ అక్షరాలనే నమ్మకంగా మోసేవి. నూట ఇరవై ఎనిమిది గుర్తులలో ఇంగ్లీషు బడికి సరిపోయే సామాను తప్ప మన వర్ణమాలకు చోటు లేదు. 1991లో వెలువడిన యూనికోడు మొదటి కూర్పులోనే తెలుగుకు స్థానం దొరికింది గాని, అది మన తెరల మీదికి దిగిరావడానికి పదేళ్ళకు పైగా పట్టింది. ఈలోగా హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయంలో ఉన్న తెలుగు విద్యార్థులు రోమను అక్షరాలతో తెలుగును పొల్లుపోకుండా రాసే పద్ధతిని, దానిని తిరిగి తెలుగు లిపిలో అచ్చువేయగల ప్రోగ్రామును తయారుచేశారు. చిన్న బడి "టి" రాస్తే త, పెద్ద బడి "టి" రాస్తే ట. చిన్న "ఎన్" న, పెద్ద "ఎన్" ణ. ఇంగ్లీషువాడు పేర్ల మొదట వాడే పెద్ద అక్షరాలకు మనవారు మూర్ధన్యాల ఉద్యోగం ఇచ్చారు. విశ్వవిద్యాలయం పేరుతోనే ఆ పద్ధతికి ఆర్‌టీఎస్ అన్న పేరు వచ్చింది. 2006లో లేఖిని వచ్చినప్పుడు మనలో చాలామంది వేళ్ళకు అలవాటైనది ఆ పద్ధతే.

నాకు ఇందులో రెండు విషయాలు కనబడతాయి. యూజ్‌నెట్ కట్టినవారికి తెలుగు అనే భాష ఒకటి ఉన్నదన్న ఆలోచన వచ్చి ఉండదు. అయినా వారి కట్టడం జాబులో ఏముందో చూడలేదు, ఏ భాషదని అడగలేదు, అందుకే పంతొమ్మిదివందల తొంభైలలో ఒక తెలుగు పద్యం వారి తీగల మీద ప్రయాణం చేయగలిగింది. ఇది మొదటిది. ఆర్‌టీఎస్‌ను ఎవరూ తాళం వేసి దాచుకోలేదు, అందుకే అది పుట్టిన యంత్రాలు పోయినా, పుట్టిన గుంపు పలచబడినా, మన మీటల మీద బ్రతికింది. ఇది రెండవది. సాఫ్టువేరు బ్రతికింది, పద్ధతి బ్రతికింది. మరి ఆ మాటలు?

స్పెన్సర్ టేపులు 1991తో ఆగిపోయాయి. డేజా న్యూస్ 1995లో గాని మొదలు కాలేదు. మధ్యకాలం జాబులు ఎవరెవరో తమకోసం దాచుకున్నవి దొరికినంతమేరకే తరువాత చేరాయి. సరిగ్గా ఆ సంధికాలంలోనే మన తొలి జాల తెలుగు ఉన్నది. అందులో ఎంత నిలిచిందన్నది మనవారి నిర్ణయం వల్ల జరగలేదు, పరాయివారి ఓపిక వల్ల జరిగింది. నిలిచినవైనా ఒక్క సంస్థ తలుపు వెనుక ఉన్నాయి. కేంద్రమే ఉండకూడదని కట్టిన వ్యవస్థకు జ్ఞాపకం మాత్రం ఒకే ఇంట్లో ఉండిపోయింది.

డ్యూక్ విశ్వవిద్యాలయం 2010 మే 20న తన యూజ్‌నెట్ యంత్రాన్ని ఆపివేసింది. పుట్టింటి దీపం అలా ఆరింది. 2024 ఫిబ్రవరి 22 నుంచి గూగుల్ కొత్త యూజ్‌నెట్ జాబులను తెప్పించుకోవడం మానుకుంది. పాతవి చూడవచ్చునని ఆ సందర్భంలో చెప్పింది. ఐఎన్ఎన్ మాత్రం ఇంకా నడుస్తూనే ఉంది. మూలం తెరిచి ఉన్నది కనుక దానిని దిద్దేవారు దొరుకుతూనే ఉన్నారు.

మూలం తెరిచి ఉంచితే చాలు, అంతా నిలుస్తుందని స్వేచ్ఛా సాఫ్టువేరు అభిమానులమైన మనం తరచు అనుకుంటాం. తెరిచిన మూలం ప్రతి తీసుకునే హక్కునిస్తుంది. ప్రతి తీసే మనిషిని అది ఇవ్వదు. సి. పి. బ్రౌను తాళపత్రాలను వెదకి, జీతాలిచ్చి లేఖకుల చేత ప్రతులు రాయించకముందు కూడా మన కావ్యాలను ప్రతి తీసుకోవద్దని ఎవరూ అనలేదు. హక్కు అందరికీ ఉన్నది, పూనుకున్నవారు కొందరే. 1918లో వేటపాలెంలో సారస్వత నికేతనం వెలిసినప్పుడు పాత పత్రికలను దాచమని ఏ చట్టమూ చెప్పలేదు. ఈనాడు పరిశోధకులు వెనకటి పత్రికల కోసం ఆ ఊరు వెళుతున్నారంటే ఆనాడు ఎవరో ఆ కట్టలను చిత్తుకాగితాల కింద అమ్మనివ్వలేదు కనుకనే.

ఉచితంగా దొరికిన చోట రాసుకునే మనందరికీ ఇది వర్తిస్తుంది. 2009లో జియోసిటీస్ మూతపడినప్పుడు అందులోని తెలుగు పుటలు ఎన్ని పోయాయో లెక్క చెప్పేవారు లేరు. మన రాతలు ఉన్న చోటు ఎవరి దయమీద ఉన్నదో, ఆ దయకు గడువెంతో మనకు తెలియదు. చర్చకు వేదిక కట్టే కుర్రవారు ఎవరైనా నన్ను సలహా అడిగితే, ఆ సాఫ్టువేరులో చెరిపివేసే మీటతో పాటు, మొత్తం మూటగట్టి ఇంటికి తీసుకుపోయే మీట కూడా పెట్టమంటాను. ఎవరైనా దానిని నొక్కుతారా అంటే, పదివేల మందిలో ఒకరు నొక్కినా చాలునని టొరంటో చరిత్ర చెబుతోంది.

మిత్రులకు ఒక మనవి. తొంభైలలో అమెరికాలో చదువుకుని, స్కిట్‌లో రాసినవారో చదివినవారో మీలో ఉండే ఉంటారు. ఆనాటి జాబులు పాత ఫ్లాపీల మీద, పాత డిస్కులలో, అచ్చుతీసిన కాగితాలలో ఏవైనా మిగిలి ఉంటే దయచేసి పారవేయకండి. ఆర్‌టీఎస్‌లో ఉన్నా పరవాలేదు, చదవగలవారం ఇంకా ఉన్నాం. ముందుగా ఒక ప్రతి తీసి వేరొకరి చేతిలో పెట్టండి. తప్పొప్పుల పరిష్కరణ, విషయసూచికలు, ముందుమాటలు తీరికగా చూసుకోవచ్చు. ఫ్లాపీలు మాత్రం అన్నాళ్ళు ఆగవు.